ఏం మారిందో చెప్పాలె గదా!

ఫోన్ల యాప్ అప్‌డేట్ అయితది. ఏం మారిందని చూస్తె "బగ్స్ సరిచేసినం, పనితీరు పెంచినం" అని ఒక్క ముక్క ఉంటది. ఏ బగ్గు? ఎవలకు తిప్పలైంది? గదేం చెప్పరు. సర్కారును లెక్క అడిగినట్టే సాఫ్ట్‌వేర్ చేసేటోళ్లను గూడ లెక్క అడగాలె అంట నేను. ఆ లెక్క పేరే రిలీజ్ నోట్స్. కొత్త వెర్షన్ల ఏం కలిపిన్రు, ఏం తీసేసిన్రు, ఏం బాగుచేసిన్రు అని చెప్పే చిట్టా.

ఇది ఉత్త మర్యాద ముచ్చట కాదు. 2021 డిసెంబర్ల లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీల పెద్ద బొక్క బయటపడ్డది. ఎక్కడో కూసున్నోడు మన సర్వర్ల తన కోడ్ నడిపించొచ్చు. 2.15.0 ఇడిసిన్రు. ఆ మరమ్మతు పూర్తిగ సరిపోలే. ఎంబడే 2.16.0, తర్వాత 2.17.0 వచ్చినయ్. ఏ వెర్షన్ల ఏ బొక్క పూడ్చిన్రో రాసి ఉంటెనే గదా, సర్వర్ చూసుకునేటోనికి తనది భద్రమో కాదో తెల్సేది?

మరి సక్కగ ఎందుకు రాయరు? పని అంత అయినంక, ఇడుదల రోజు ఒక్కడు కూసోని వందల మార్పులు తిరగేసి రాయాలె. సగం యాదికుండవు. ఉపాధి హామీ పనికి మస్టర్ల ఏ దినం హాజరు ఆ దినమే పడాలె. నెలాఖరుకు గుర్తుచేస్కోని రాస్తె ఎట్లుంటదో మనకెరికే. ఇక్కడ గూడ అంతే. అందుకే ఈ పనిని మెషిన్‌కు అప్పజెప్పే తొవ్వలు వచ్చినయ్. ముఖ్యమైనయ్ మూడు చెప్త.

మొదటిది కమిట్ సందేశం. గిట్ అంటె మన 'గిట్ల' కాదు తమ్మీ. 2005ల లైనస్ టోర్వాల్డ్స్ చేసిన పనిముట్టు. కోడ్ల అయ్యే ప్రతి మార్పును, దాని మీద రాసిన ఒక ముక్కతోని దాస్తది. 'కన్వెన్షనల్ కమిట్స్' అనే కట్టుబాటు ప్రకారం ఆ ముక్క ముంగట గుర్తు పెడ్తరు. కొత్త సౌలత్ అయితె 'ఫీట్', మరమ్మతు అయితె 'ఫిక్స్', పాత పద్ధతి పనిచెయ్యకుంట పోతె సందేశం కింద 'బ్రేకింగ్ చేంజ్' అని రాస్తరు. సెమాంటిక్ రిలీజ్ అనే పనిముట్టు ఈ గుర్తులు చదివి నంబర్ తేలుస్తది. ఇప్పుడు 1.4.2 ఉంటె, మరమ్మతుకు 1.4.3, కొత్త సౌలత్‌కు 1.5.0, పాతది ఇరిగితె 2.0.0. నోట్స్ గూడ అదే తయారుచేస్తది.

రెండోది పుల్ రిక్వెస్టు. అంటె "నా మార్పు తీస్కోండ్రి" అని పెట్టే అర్జీ. 2021 నుంచి గిట్‌హబ్ల ఒక్క బటన్ నొక్కితె, ఒప్పుకున్న అర్జీలన్నీ చేసినోళ్ల పేర్లతోని జాబితా అయితయ్. లేబుల్స్ పెట్టుకుంటె దేని శీర్షిక కింద అది సర్దుకుంటది. ఆ ప్రాజెక్టుల మొదటిపారి పనిచేసినోళ్ల పేర్లు వేరుగ పడ్తయ్. ఊర్ల కూసోని పనిచేసే పిల్లకు ఇది చిన్న ముచ్చట కాదు.

మూడోది చీటీల పద్ధతి. మార్పు చేసినోళ్లే ఒక చిన్న ఫైల్ల ఏం చేసిన్రో రాసి కోడ్‌తోని పాటే పెడ్తరు. ఇడుదలప్పుడు 'టౌన్‌క్రయర్' వాటన్నిటిని ఒక్కకాడికి తెస్తది. పేరుకు అర్థమే దండోరేసేటోడని. పైటెస్ట్, పిప్ ఇట్లనే చేస్తయ్. అందరు ఒకే ఫైల్ల గెలికితె ఒకల రాత మీద ఒకల రాత పడి పంచాయితి అయితది. ఎవల చీటీ వాళ్లదైతె ఆ లొల్లి లేదు.

కుబర్నెటీస్ ప్రాజెక్టుల ఇంకా గట్టి కట్టుబాటు ఉన్నది. అర్జీలనే నోట్ రాయాలె. వాడేటోళ్లకు సంబంధం లేని మార్పయితె 'నన్' అని రాయాలె. రెండూ లేకుంటె బాట్ ఆపేస్తది, అర్జీ ముంగటికి పోదు. నాకు నచ్చింది ఇదే. పని చేసిన చెయ్యే, పని యాదిల ఉన్నప్పుడే రాస్తది.

అయితె ఒక్కటి యాదుంచుకోండ్రి. మెషిన్ ఏరుతది, పేరుస్తది. "ఫిక్స్: నల్ చెక్" అని మనం రాస్తె అదే అచ్చేస్తది. వాడేటోనికి అందుల ఏం తెల్వది. "ఫోన్ నంబర్ ఖాళీగ ఉంటె ఫారం ఆగిపోయేది, ఇప్పుడు ఆగదు" అంటె తెలుస్తది. ఇప్పుడు ఏఐతోని రాయిస్తున్నరు. అది గూడ చెయ్యని మార్పును చేసినట్టే నమ్మకంగ రాయగలదు. అందుకే ఇడుదలకు ముంగట ఒక మనిషి చదవాలె. ముఖ్యంగ 'ఇరిగిపోయేటియి' ఏమున్నయో పైన పెట్టాలె. పాతది పోతె దాని జాగల ఏం వాడాలెనో గూడ రాయాలె.

మీరు కాలేజీ ప్రాజెక్టు చేస్తున్నా, నలుగురు దోస్తులు కలిసి ఊరికి యాప్ కడ్తున్నా, ఇయ్యాల్టి నుంచే కమిట్ల గుర్తులు పెట్టండ్రి. నోట్స్ తెలుగుల గూడ ఇయ్యండ్రి. ఓపెన్ సోర్స్‌ల అడుగుపెట్టాలె గని కోడింగ్ అంటె భయమైతున్న చెల్లెకు ఒక మాట: ఏదన్న ప్రాజెక్టు నోట్స్ చదువు, అర్థంగాని ముక్కను అందరికి తెల్సేటట్టు రాసి అర్జీ పెట్టు. ఒప్పుకుంటె అది గూడ పనే, ఆ జాబితల నీ పేరు గూడ ఎక్కుతది.