కోయి కొలనుకు అంత లోతెందుకు?

మెదక్ జిల్లా కౌడిపల్లిలో ఇంటి పెరట్లో కోయి చేపల కొలను కట్టాలంటే ముందు చూడాల్సింది లోతు. కోయి గాజుతొట్టిలో ఇమిడే చేప కాదు. మన చెరువుల్లో వదిలే బంగారు తీగకు దగ్గరి చుట్టం. సుమారు 200 ఏళ్ల కిందట జపాన్‌లోని నీగాటా రైతులు రంగులున్న చేపపిల్లల్ని ఏరి ఏరి పెంచితే ఈ అందం వచ్చింది. రెండడుగుల దాకా పెరుగుతుంది.

మెదక్ ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. లోతు లేని నీళ్లు త్వరగా కాగుతాయి. నీళ్లు కాగేకొద్దీ వాటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్లలో 30 దగ్గర ఏడున్నరే. అందుకే కనీసం 4 అడుగుల లోతు ఉండాలి, పైన కొంత నీడా కావాలి. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉంటే 9 వేల లీటర్లు పడతాయి. ఏడెనిమిది చేపలకు అది చాలు. గోడలు నిటారుగా కడితే కొంగ దిగి నిలబడలేదు. చిన్నపిల్లలుంటే చుట్టూ కంచె తప్పనిసరి.

మరి ఫిల్టర్ ఎందుకు? చేపలు మొప్పల గుండా అమ్మోనియా వదులుతాయి. అది వాటికే విషం. ఫిల్టర్‌లోని రాళ్ల మీద పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. కంటికి కనబడని ఈ జీవులు కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అందాకా ఒకటి రెండు చేపలే వదలాలి. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగుతుంది కాబట్టి చేపల్ని వదలకముందే నీళ్లు నింపి, కొన్నాళ్లు ఉంచి, పారబోసి మళ్లీ నింపాలి.