ముగ్గురాయి, రాతినార, స్పోర్ట్స్ కారు బ్రేకు

స్పోర్ట్స్ కారు బుక్ చేసేటప్పుడు షోరూమ్‌లో ఒక ప్రశ్న తప్పదు. బ్రేకులు మామూలు స్టీలువా, సిరామిక్‌వా? ప్రొద్దుటూరులో బంగారం వ్యాపారం చేసే ఇంటి కుర్రాడైనా, డాలస్‌లో ఉద్యోగం చేసి సొంతూరికి తిరిగొచ్చిన పులివెందుల ఇంజినీరైనా ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాల్సిందే. పోర్షే 911కి సిరామిక్ బ్రేకులు కావాలంటే అమెరికాలోనే అదనంగా దాదాపు 10 వేల డాలర్లు అడుగుతారు. సుంకాలు, పన్నులు కలిశాక మన దగ్గర ఆ సొమ్ముకు ఒక చిన్న కారే వచ్చేస్తుంది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. కడప జిల్లా రోడ్ల మీద తిరిగే కారుకు ఇనుప డిస్కులే మేలు. డబ్బు మిగులుతుందని మాత్రమే కాదు. అసలు కారణం వేడి లెక్కలో ఉంది. దాని తర్వాత దుమ్ము లెక్క కూడా చూడాలి. అది చూడబోతే కథ నేరుగా మన గనుల్లోకి దిగుతుంది.

ఎంత వేడి?

బ్రేకు చేసే పని ఒక్కటే. బండి పరుగును వేడిగా మార్చి, ఆ వేడిని గాలికి వదిలేయడం. 1,600 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతూ ఆగిందంటే, ఆ కాసేపట్లో పుట్టే వేడితో రెండు లీటర్ల చన్నీళ్లను మరిగించవచ్చు. అదే కారు 200 నుంచి ఆగితే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. ఎనిమిది లీటర్లకు పైగా నీళ్లు మరుగుతాయి. రేస్ ట్రాక్ మీద ప్రతి ల్యాపులోనూ ఇలా మళ్లీ మళ్లీ జరుగుతుంది. డిస్కు చల్లారే వ్యవధి ఉండదు. ప్యాడ్ పట్టు సడలుతుంది, బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. డ్రైవర్లు ఫేడ్ అనేది దీన్నే. సిరామిక్ డిస్కు పుట్టింది ఈ చోటు కోసం.

దీన్ని కుండలు కాల్చినట్టు మట్టితో చేయరు. కార్బన్ నారను రెజిన్‌తో కలిపి అచ్చు పోస్తారు. గాలి తగలని కొలిమిలో కాలుస్తారు. ఆపైన 1,414 డిగ్రీల దగ్గర కరిగే సిలికాన్‌ను దాని రంధ్రాల్లోకి ఇంకిస్తారు. కార్బన్, సిలికాన్ కలిసి సిలికాన్ కార్బైడ్ అవుతాయి. ఒక్క డిస్కు తయారీకి వారాలు పడుతుంది. బరువు ఇనుప డిస్కులో దాదాపు సగమే ఉంటుంది, తుప్పు పట్టదు. పోర్షే 2001లో 911 జీటీ2కి, ఫెరారీ 2002లో ఎంజోకి వీటిని బిగించాయి. విమానాలు అంతకు ముందే కార్బన్ బ్రేకులకు మారాయి, 1970ల నాటి కాంకార్డ్‌కు అవే ఉండేవి. ఈ కుటుంబంలోని కార్బన్-కార్బన్ పదార్థం మీద మన హైదరాబాద్‌లో గట్టి కృషి జరిగింది. 1989 మే 22న తొలిసారి ఎగిరిన అగ్ని క్షిపణి వాతావరణంలోకి తిరిగొచ్చేటప్పుడు కాలిపోకుండా కాపాడే కవచాన్ని అక్కడి డీఆర్‌డీవో శాస్త్రవేత్తలు ఈ పదార్థంతోనే రూపొందించారు.

ఇంత గొప్ప వస్తువును వద్దనడం ఎందుకు? దానికి తగిన పని మన దగ్గర లేదు కాబట్టి. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోట దాకా పోయి రండి. పదే పదే 200 నుంచి సున్నాకి బ్రేకు వేసే చోటు ఒక్కటీ తగలదు, తగలకూడదు కూడా. పందెం ట్రాక్ కావాలంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైకి పోవాలి. పైగా ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దారుల్లో నాపరాయి లారీల నుంచి రాలిన బండ ముక్కలుంటాయి, సిమెంటు బండ్ల దుమ్ముంటుంది. సిరామిక్ డిస్కు వేడికి జంకదు కానీ అంచు మీద దెబ్బకు పెళుసు. చక్రం విప్పేటప్పుడు అల్లాయ్ వీల్ జారి డిస్కు అంచుకు కొట్టుకుంటే పెచ్చు ఊడుతుంది. అందుకే గైడ్ పిన్నులు బిగించి మరీ చక్రం తీస్తారు. ముద్దనూరు దగ్గర రాత్రి పంక్చరైతే ఆ పిన్నులు ఎవరి దగ్గరుంటాయి? పెచ్చు పెద్దదైతే డిస్కే మార్చాలి. అది సముద్రం దాటి రావాలి.

ట్రాక్ మీదకు తరచూ పోయేవాళ్లలోనూ చాలామంది సిరామిక్ డిస్కులు తీసి భద్రంగా దాచి, ఇనుపవి వేసుకుంటారు. అరిగితే మార్చుకునే ఖర్చు తక్కువని.

కనుమ దిగేటప్పుడు

మన జిల్లాలో బ్రేకులకు నిజమైన పరీక్ష వేగం కాదు, వాలు. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. పాలకోవాకు ఎంత పేరో, ప్రమాదాలకూ అంతే పేరు. 1,600 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగుతూ మొత్తం భారం బ్రేకు మీదే వేస్తే, 100 కిలోమీటర్ల వేగం నుంచి రెండున్నరసార్లు ఆగినంత వేడి పుడుతుంది. 35 టన్నుల లారీకైతే అది ఇరవై రెట్లకు పైనే. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దింపే లారీకి ఈ వేడి అంతా డ్రమ్ములకే పోతుంది, సగం దారిలోనే పట్టు తప్పుతుంది. ఎక్కిన గేరులోనే దిగమని పాత డ్రైవర్లు కొత్తవాళ్లకు చెప్పే మాట వెనక భౌతికశాస్త్రం ఇదే. స్పోర్ట్స్ కారుకూ ఈ మాట వర్తిస్తుంది. గేరు తగ్గించి దిగితే ఇనుప డిస్కు హాయిగా తట్టుకుంటుంది.

ఇంకొకటి: డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చాల్సిన ఈ ఆయిల్‌ను పట్టించుకోకుండా సిరామిక్ డిస్కుల మీద లక్షలు పోస్తే, ఘాట్‌లో మరిగేది ఆ పాత ఆయిలే.

స్టీల్ బ్రేకు అని అందరూ అంటున్నా, ఆ డిస్కు చాలావరకు పోత ఇనుము. అందులో 3 శాతానికి పైగా కార్బన్ ఉంటుంది. అది గ్రాఫైట్ రేకులుగా పరుచుకుని వేడిని త్వరగా లాగేస్తుంది, అదురును మింగేస్తుంది. జమ్మలమడుగు ప్రాంతం ఉక్కు కర్మాగారం కోసం 2007 నుంచి ఎదురుచూస్తోంది. ఆ ఏడాది బ్రాహ్మణి స్టీల్స్‌కు, 2018లో కంబాలదిన్నె దగ్గర, 2019లోనూ 2023లోనూ సున్నపురాళ్లపల్లె దగ్గర శంకుస్థాపనలు జరిగాయి. డిస్కులు పోయడానికి మాత్రం అంత పెద్ద కర్మాగారం అక్కర్లేదు. ఒక మంచి ఫౌండ్రీ, ఇసుక అచ్చులు, లేత్‌లు, చేయి తిరిగిన పనివాళ్లు చాలు. ఈ ప్రాంతపు పిల్లలకు ఆ పని దొరకాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ప్యాడ్‌లో మన మట్టి

డిస్కు గురించి ఇంత మాట్లాడేవాళ్లు ప్యాడ్ గురించి మాట్లాడరు. ప్యాడ్‌లో మన భూమి ఉంది. ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో తవ్వే ముగ్గురాయి ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. వేముల, పులివెందుల వైపూ ముగ్గురాయి గనులున్నాయి. ఈ రాయిలో ఎక్కువ భాగం చమురు బావుల తవ్వకానికి పోతుంది. మెత్తగా పొడి చేసి బ్రేక్ ప్యాడ్లలోనూ కలుపుతారు. వేడికి చెదరదు, ప్యాడ్‌కు బరువునిస్తుంది, కీచుమనే చప్పుడు తగ్గిస్తుంది.

రెండో రాయి కథ వేరు. పులివెందుల చుట్టుపక్కల బ్రాహ్మణపల్లె, లింగాల వైపు నేల పొరల్లో రాతినార, అంటే ఆస్‌బెస్టాస్ ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు వేంపల్లె పేరు పెట్టిన డోలమైట్ పొరల్లోకి ఎప్పుడో శిలాద్రవం చొరబడింది. ఆ వేడికి రాయి మారి, పీచు పీచుగా విడివడే క్రిసోటైల్ ఏర్పడింది. దేశంలో దొరికే మేలురకం రాతినారల్లో దీనికి పేరుంది. ఇంగ్లండ్‌లో హెర్బర్ట్ ఫ్రూడ్ స్థాపించిన ఫెరోడో 1908లో బ్రేకు లైనింగుల్లో రాతినార వాడటం మొదలుపెట్టాక, దాదాపు ముప్పావు శతాబ్దం లోకమంతా బ్రేకులకు అదే దిక్కయింది. కాలదు, తెగదు, చవక.

ఆ పీచు గాలిలో తేలి ఊపిరితిత్తుల్లో గుచ్చుకుంటే మళ్లీ బయటికి రాదు. జబ్బు ఇరవై, ముప్పై ఏళ్లకు బయటపడుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడతాయి, వాటి పొరకు క్యాన్సర్ వస్తుంది. తవ్వినవాడికి, దంచినవాడికి, బ్రేకు విప్పిన మెకానిక్‌కు అదే ముప్పు. 1986లో కేంద్రం రాతినారకు కొత్త గని లీజులు ఆపేసింది. 1993లో పాతవాటి పొడిగింపూ ఆపింది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు రాతినార పనివాళ్ల ఆరోగ్యాన్ని జీవించే హక్కులో భాగంగా చూసింది, వారి ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్లు దాచమని యాజమాన్యాలను ఆదేశించింది. తవ్వకం ఆగినా దేశంలో వాడకం మీద పూర్తి నిషేధం లేదు. విదేశాల నుంచి దిగుమతి అవుతూనే ఉంది. అమెరికా 2024 మార్చిలో క్రిసోటైల్‌ను నిషేధించినప్పుడు ఆ జాబితాలో బ్రేకు లైనింగులూ ఉన్నాయి.

దుమ్ము లెక్కలో సిరామిక్ డిస్కుదే పైచేయి, ఒప్పుకోవాలి. అరుగుదల చాలా తక్కువ, చక్రం నల్లబడదు. ఐరోపా సమాఖ్య యూరో 7 నిబంధనలతో తొలిసారి బ్రేకు దుమ్ముకూ హద్దు పెట్టింది: మామూలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి ఎలక్ట్రిక్ కార్లకు 3. ఆ హద్దు కోసం ఇనుప డిస్కుల మీద గట్టి పూతలు వేసే పని కంపెనీలు మొదలుపెట్టాయి. రేపు మన ఊళ్లకు వచ్చే ఇనుప డిస్కు ఇవాళ్టి దానికంటే శుభ్రంగానే ఉంటుంది.

కాబట్టి ఇనుప డిస్కులు తీసుకోండి. దుకాణంలో సిరామిక్ ప్యాడ్ అని అమ్మేది ఇనుప డిస్కు మీద వాడే మామూలు కారు ప్యాడే. సిరామిక్ డిస్కుతో దానికి సంబంధం లేదు. నచ్చితే వేయించుకోండి, దుమ్ము కొంత తక్కువ. పెట్టె మీద ఆస్‌బెస్టాస్ లేదని రాసి ఉందో లేదో చూడండి, ఊరూ పేరూ లేని చవక లైనింగు వద్దనండి. షెడ్డులో డ్రమ్ము విప్పాక గాలి పైపుతో దుమ్ము ఊదబోతున్న కుర్రాడిని ఆపండి. తడిగుడ్డతో తుడవమనండి, ముక్కుకు మాస్కు కట్టుకోమనండి. పాత లారీ లైనింగులో ఏముందో అతనికి ఎవరూ చెప్పి ఉండరు.