బెత్తానికి లొంగని కనురెప్ప

మూడో తరగతి పిల్లాడు. పాఠం వింటూ వింటూ ఉన్నట్టుండి కళ్లు టపటపలాడిస్తాడు. కాసేపటికి మెడ ఒక పక్కకు విదిలిస్తాడు. ఊరికే గొంతు సవరించుకుంటాడు, ముక్కు ఎగబీలుస్తాడు. పక్క పిల్లలు కిసుక్కున నవ్వుతారు. "ఎవర్ని వెక్కిరిస్తున్నావురా?" అంటూ మాస్టారు బెత్తం తీస్తారు. ఇంటికొస్తే నాన్న గదమాయింపు. అమ్మ దిష్టి తీస్తుంది. అమ్మమ్మ గాలి సోకిందంటూ తాయెత్తు కట్టిస్తుంది. కళ్లజోడు పెట్టించిన వారున్నారు. జలుబు మందు తాగించిన వారూ ఉన్నారు. కనురెప్ప మాత్రం ఆగదు.

ఇలాంటి పిల్లలు దాదాపు ప్రతి బడిలోనూ కనిపిస్తారు. ఈ అసంకల్పిత కదలికలను వైద్యులు 'టిక్స్' అంటారు. చాలామంది పిల్లల్లో ఇవి కొన్ని వారాలో, నెలలో ఉండి వాటంతటవే పోతాయి. కొందరిలో మాత్రం నిలిచిపోతాయి. ఒంటి కదలికలు పలు రకాలుగా ఉండి, వాటితోపాటు గొంతు శబ్దాలు కూడా వస్తూ, ఏడాదికి పైగా సాగితే దానిని 'టూరెట్ సిండ్రోమ్' అంటారు. ఇది ఆడపిల్లల కంటే మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ.

పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో పనిచేసిన జిల్ ద లా టూరెట్ అనే వైద్యుడు 1885లో తొమ్మిది మంది రోగుల గురించి రాశాడు. జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు దీనిని మనసులోని చిక్కుగానో, పెంపకంలోని లోపంగానో లెక్కగట్టిన వారే ఎక్కువ. 1960లలో హాలోపెరిడాల్ అనే మందుతో టిక్స్ తగ్గడం చూశాక వైద్యుల చూపు మెదడు వైపు మళ్లింది.

మెదడులో ఒక లస్కరు

కాలువ కింద సేద్యం చేసే రైతుకు లస్కరు పని తెలుసు. వంతు వచ్చిన పొలానికి తూము ఎత్తుతాడు. మిగతా తూములు దించి ఉంచుతాడు. అతను ఏమరుపాటుగా ఉంటే అడగని పొలంలోకి నీరు పారుతుంది.

మెదడు లోతుల్లో ఇలాంటి కాపలా పని చేసే నరకణాల ముద్దలున్నాయి. వాటిని 'బేసల్ గాంగ్లియా' అంటారు. మెదడు పైపొర నుంచి కదలికల సూచనలు అక్కడికి చేరతాయి. అప్పటికి కావలసిన కదలికకు దారి వదిలి, అక్కరలేని వాటిని తొక్కిపెట్టడం ఈ ముద్దల పని. వదిలిన సూచన 'థాలమస్' అనే మరో కేంద్రం మీదుగా తిరిగి పైపొరకు చేరి కండరాలను కదిలిస్తుంది. అన్నం కలిపే చేయి అన్నమే కలుపుతూ, భుజం ఎగరకుండా ఉందంటే ఈ కాపలా సరిగా ఉన్నట్టే.

టిక్స్ ఉన్నవారిలో ఈ తూము గట్టిగా మూసుకోదు. కంటికి సంబంధించిన చోట వదులైతే కన్ను కొట్టుకుంటుంది. మెడకు సంబంధించిన చోట వదులైతే మెడ విదులుతుంది. తీవ్రమైన టూరెట్‌తో బతికి చనిపోయిన కొందరి మెదళ్లను అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరీక్షించి 2005, 2010 సంవత్సరాల్లో ఫలితాలు ప్రకటించారు. బేసల్ గాంగ్లియాలో ఇతర కణాలను అదుపు చేసే కొన్ని రకాల నరకణాలు వారిలో తక్కువగా కనిపించాయి. అంటే కాపలాదారులే తగ్గారన్నమాట.

దీనికి తోడు డోపమిన్ అనే రసాయనం ఉంది. తూము ఎత్తమనే సంకేతానికి ఇది బలం ఇస్తుంది, దించమనే సంకేతాన్ని నెమ్మదింపజేస్తుంది. టిక్స్‌కు వాడే మందుల్లో కొన్ని ఈ డోపమిన్ ప్రభావాన్ని తగ్గించేవే. జబ్బు కుటుంబాల్లో వంశపారంపర్యంగా నడవడం కూడా కద్దు.

"మరి బడిలో ఎలా ఆపుకుంటాడు?"

చాలామంది తల్లిదండ్రుల అనుమానం ఇదే. బడిలో బుద్ధిగా ఉండి, ఇంటికి రాగానే మొదలెడతాడు కాబట్టి కావాలనే చేస్తున్నాడని వారి వాదన.

టిక్ వచ్చే ముందు చాలామందికి ఆ చోట ఒక దురదలాంటిది, బిగువులాంటిది పుడుతుంది. కదిలిస్తే క్షణం సేపు హాయి. మళ్లీ మొదలు. తుమ్మును కాసేపు బిగబట్టవచ్చు, ఎల్లకాలం బిగబట్టలేం. ఈ పిల్లలదీ అదే స్థితి. రోజంతా తంటాలు పడి ఆపుకున్నది ఇంటి గడపలో అడుగు పెట్టగానే బయటపడుతుంది. ఆపుకోవడానికే మనసంతా పెట్టినవాడికి పాఠం మీద ధ్యాస ఎక్కడ నిలుస్తుంది? భయం, ఆందోళన, నిద్రలేమి టిక్స్‌ను పెంచుతాయి. కనుక బెత్తం మందు కాదు సరికదా, మంటలో నెయ్యి. ఇష్టమైన పనిలో లీనమైనప్పుడు మాత్రం చాలామందిలో ఇవి తగ్గిపోతాయి.

టూరెట్ అంటే బూతులు తిట్టే జబ్బన్న ప్రచారం ఒకటుంది. ఆ లక్షణం ఉండేది పదిమందిలో ఒకరిద్దరికే. ఎక్కువమంది పిల్లలను బాధించేది టిక్స్ కంటే వాటి జంటగా వచ్చే నిలకడలేమి, చేసిందే చేయాలనే చాదస్తం.

దారి ఉంది

టిక్స్ సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ల వయసులో మొదలై, పది పన్నెండేళ్లప్పుడు ముదిరి, యవ్వనం వచ్చేసరికి చాలామందిలో బాగా తగ్గుతాయి. బాధ కలిగించని టిక్స్‌కు మందులే అక్కరలేదు. ఇబ్బంది పెట్టే వాటికి ముందుగా ఇచ్చేది శిక్షణ. దురద పుట్టగానే గుర్తుపట్టి, ఆ టిక్‌కు అడ్డుపడే వేరొక కదలికను పిల్లవాడికి నేర్పుతారు. మెడ విదిలించే పిల్లవాడు గడ్డం కొంచెం దించి మెడను నెమ్మదిగా బిగించి ఉంచుతాడు. అమెరికాలో 126 మంది పిల్లలపై జరిపిన పరిశీలన ఫలితం 2010లో వెలువడింది. ఈ శిక్షణ పొందిన వారిలో సగానికి పైగా మెరుగుపడ్డారు. మామూలు సలహాలు, ఓదార్పు మాత్రమే పొందిన వారిలో మెరుగైనది ఐదో వంతు లోపే. శిక్షణతో లొంగని వాటికి నరాల వైద్యులు, మానసిక వైద్యులు మందులు ఇస్తారు. వాటికి దుష్ఫలితాలు ఉంటాయి గనుక సొంత వైద్యం కూడదు. స్పృహ తప్పినా, పిలిస్తే పలక్కుండా గుడ్లప్పగించినా అది మూర్ఛ కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

2018లో వచ్చిన హిందీ చిత్రం 'హిచ్కీ'లో రాణీ ముఖర్జీ టూరెట్ ఉన్న ఉపాధ్యాయురాలిగా నటించారు. అది వెండితెర కథ. మన బడుల్లో మాత్రం కనురెప్ప ఆగక తన్నులు తింటున్న పిల్లలు ఇంకా ఉన్నారు. వారికి కావలసిందల్లా మాస్టారు తరగతిలో చెప్పే ఒక్క మాట: "వాడు కావాలని చేయడం లేదు. ఎవరూ నవ్వొద్దు." ఆ మాటకు పైసా ఖర్చు లేదు.