వెనక్కి తిరగడం కూడా ధైర్యమే



పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు.

కొండలెక్కేవాళ్లకే కాదు, కాళ్లకు పలకలు కట్టుకుని మంచు మీద జారే స్కీయర్లకూ ఇదే గండం. చాలాసార్లు మంచును కదిలించేది వాళ్ల బరువే. అందుకే బయల్దేరే ముందే ఆ రోజు హెచ్చరిక చదువుతారు. కొత్త మంచు పడి, గాలి వీచి ఉంటే 30 నుంచి 45 డిగ్రీల వాలుకు దూరంగా ఉంటారు. తప్పనిసరైతే ఒక్కొక్కరే దాటుతారు. ఒక్కరు వద్దన్నా అందరూ వెనక్కి రావాలని ముందే అనుకుంటారు.

మరి తెలిసినవాళ్లే ఎందుకు చిక్కుకుంటారు? "మొన్న దాటాం, ఏం కాలేదు", "వాళ్లు వెళ్లారుగా" అనే ధీమాతో. అమెరికా పరిశోధకుడు ఇయాన్ మెక్‌కామన్ ప్రమాదాలను పరిశీలించి చెప్పింది ఇదే.

మన దగ్గర మంచు లేదు. కానీ వానాకాలంలో పెన్‌గంగ, వాగులు పొంగినప్పుడు మనదీ అదే ధీమా. పిల్లలూ, వంతెన మీంచి నీళ్లు పారుతుంటే దాటకండి, ముందు ఎవరు దాటినా సరే. ఆ రోజు బడికి రాకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో ఈ మాట ఇవాళే అనుకోండి.

— ప్రధానోపాధ్యాయుడు