తన వెలుగును తానే వినే గిటార్

ఒళ్లంతా దీపాలున్న ఎలక్ట్రిక్ గిటార్‌ని చూస్తే జనం ఈలలేస్తారు. తయారుచేసేవాడి తిప్పలు మాత్రం వెలుగుతో కాదు, చప్పుడుతో.

సోమవారం పొద్దున్నే ఎడిటర్‌గారి ఫోను. "కవర్‌కి బ్రహ్మాండమైన ఫొటో దొరికిందయ్యా. గిటార్ నిండా లైట్లే. బుధవారం సాయంత్రానికి కథనం ఇచ్చెయ్." నాకా గిటార్ల మీద పెద్ద గౌరవం లేదు. వినాయకుడి పందిరికి సీరియల్ లైట్లు కట్టారంటే అర్థముంది, వాయిద్యానికెందుకని నా సణుగుడు. సరే, రాక్‌స్టార్ల కబుర్లతో పేజీలు నింపేద్దామనుకున్నాను. తీరా నన్ను కట్టిపడేసింది రాక్‌స్టార్ కాదు, ఓ చిట్టి దీపం తాలూకు డేటాషీట్.

ఆ దీపం పేరు డబ్ల్యూఎస్ 2812బీ. అయిదు మిల్లీమీటర్ల చదరం. అందులోనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలు మూడు, వాటిని ఆడించే బుల్లి చిప్ ఒకటి. ఇంట్లో కూర్చుని లైట్ల గిటార్ చేసుకునే కుర్రాళ్లు ఎక్కువగా కొనే రకాల్లో ఇదొకటి. దాని డేటాషీట్‌లో, కోటీ అరవై ఏడు లక్షల రంగుల గొప్పలు చెప్పే వాక్యం చివర ఓ ముక్క ఉంది: స్కాన్ వేగం సెకనుకు 400 హెర్ట్జ్‌కి తగ్గదని. హెర్ట్జ్ అంటేనే సెకనుకు ఎన్నిసార్లు అని. మళ్లీ 'సెకనుకు' ఎందుకు? నవ్వుకున్నాను. నవ్వు ఆగాక అసలు సంగతి తట్టింది.

ఇలాంటి దీపాన్ని మసకగా వెలిగించాలంటే దాని కరెంటు తగ్గించరు, టకటకా ఆర్పి వెలిగిస్తారు. సెకనుకు నాలుగు వందల సార్లు ఆరి వెలిగితే కన్ను మోసపోయి, సగం వెలుగే అనుకుంటుంది. గిటార్ పికప్ అలా మోసపోదు. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత రాగితీగను వేల చుట్లు చుట్టిన చుట్ట. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో కాస్త కరెంటు పుడుతుంది, యాంప్ దాన్ని పాట చేస్తుంది. క్షేత్రాన్ని కదిపింది మీటిన తీగా, పక్కన పోయే కరెంటు వైరా అన్న విచక్షణ దానికి లేదు. ఇక 400 హెర్ట్జ్ అంటారా, పాశ్చాత్య వాద్యబృందాలు శ్రుతి చూసుకునే 440కి కూతవేటు దూరం. అంటే దీపం కూడా ఓ స్వరం పాడుతుంది, అదీ అపశ్రుతిలో!

మా అపార్ట్‌మెంట్ పైఅంతస్తులో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు సరిగ్గా ఇలాంటి గిటార్‌తోనే కుస్తీ పడుతున్నాడు. మంగళవారం రాత్రి వెళ్లాను. "చెవి పెట్టండి అంకుల్" అంటూ యాంప్ వాల్యూమ్ పెంచాడు. దీపాలు ఆరి ఉన్నప్పుడు మామూలు గుర్రు మాత్రమే. సగం వెలుగుకి తిప్పగానే దోమ చెవిలో దూరినట్టు కూత. పూర్తి వెలుగులో అది దాదాపు మాయం, ఎందుకంటే అక్కడ ఆర్పడమంటూ లేదు. మధ్యలోనే మోత. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

గిటార్ గుల్లలో రాగిరేకు అంటించి చూశాడట, పని జరగలేదు. పల్చటి రేకు విద్యుత్ క్షేత్రాన్ని ఆపుతుందిగానీ ఇంత నెమ్మది అయస్కాంత క్షేత్రం దానిగుండా నిక్షేపంగా దూరిపోతుంది. అందుకని నా ఎదుటే, దీపాలకు కరెంటు తీసుకుపోయే వైరునీ తిరిగి తెచ్చే వైరునీ తాడు పేనినట్టు పేనేశాడు. ఎదురెదురు కరెంట్లు ఒకదాని క్షేత్రాన్ని ఒకటి కొట్టేస్తాయి. కూత సన్నగిల్లింది, పోలేదు. దీపాల బ్యాటరీని వేరుచేసి, వాటి గ్రౌండ్ గిటార్ గ్రౌండ్‌తో కలవకుండా చూశాడు. ఇంకాస్త తగ్గింది. ఇక మిగిలింది దీపాన్నే మార్చడం. ఏపీఏ 102 అనే రకం సుమారు 20,000 హెర్ట్జ్ దగ్గర ఆరి వెలుగుతుంది. మన చెవి అంచు అది. ఆర్డర్ పెట్టాడు, ఇంకా రాలేదు.

చరిత్ర కూడా కావాలన్నారు ఎడిటర్‌గారు, కనుక గబగబా: 1962లో నిక్ హోలోన్యాక్ ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించాడు. 1969లో డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆంపెగ్ కంపెనీ కోసం పారదర్శక యాక్రిలిక్ గిటార్ చేశాడు. డెబ్బైల చివర్లో కిస్ బృందం గిటారిస్ట్ ఏస్ ఫ్రేలీకి మెరిసే, పొగలు కక్కే గిటార్లు చేసిపెట్టాడు జాన్ ఎల్డర్ రాబిసన్. 1993లో షూజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ తెచ్చాకే ఏడు రంగులూ సాధ్యమయ్యాయి. 2014లో మరిద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు.

కరెంటు పద్దు
మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కి బ్యాటరీయే అక్కర్లేదు. దీపాలు పెట్టామా, ఒక్కోటి తెల్లగా వెలిగితే సుమారు 60 మిల్లీయాంపియర్లు తాగుతుంది. అరవై దీపాలకు 3.6 యాంపియర్లు, అంటే 18 వాట్లు. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ రెండు గంటలు నిలవదు. వెలుగు తగ్గిస్తే బ్యాటరీ మిగులుతుంది, కూత మొదలవుతుంది!

మెడలో వెలుగు
ఏ మెట్టు మీద వేలు పెట్టాలో నేర్చుకునేవాళ్లకు వెలిగి చూపే 'ఫ్రెట్‌లైట్' గిటార్లున్నాయి. ఆరు తీగల లాగుడు సుమారు 45 కిలోలు. అంత బరువు మోసే సన్నటి మెడను ఎక్కువ తొలిస్తే ప్రమాదం. ఆప్టికల్ ఫైబర్ వాడితే సన్న బెజ్జం చాలు. దానిలో పోయేది వెలుగే, కరెంటు కాదు. దీపాన్ని పికప్‌కి దూరంగా దాచుకోవచ్చు.

వచ్చేముందు కుర్రాడు చిన్న పరీక్ష పెట్టాడు. "అటు తిరిగి కూర్చోండి అంకుల్. లైట్లు వెలిగాయో లేదో విని చెప్పండి." ఆరుసార్లు అడిగాడు, ఆరుసార్లూ సరిగ్గానే చెప్పాను. ఆరోసారి "కరెక్టే" అన్నప్పుడు వాడి గొంతులో నీరసం.

నేను తప్పు చెప్పిన రోజున వాడి గిటార్ పూర్తయినట్టు.