గీతలకు ధర తెలియదు

సూపర్‌మార్కెట్ కౌంటరులో సబ్బు మీది నల్లగీతల్ని స్కానర్ చదవగానే బిల్లులో ధర పడుతుంది. దాంతో ధర ఆ గీతల్లోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. అక్కడున్నది ఏ కంపెనీ, ఏ సరుకు అని చెప్పే సంఖ్య ఒక్కటే. (ఈ సంఖ్యలు కేటాయించే సంస్థ జీఎస్1 ఇండియాలో నమోదైన కంపెనీలకు అది 890తో మొదలవుతుంది. సరుకు ఇక్కడే తయారైందనడానికి మాత్రం అది రుజువు కాదు.) ధర దుకాణం కంప్యూటరులో ఉంటుంది. సంఖ్యను బట్టి ధర వెతికేటప్పుడే, ఏ సరుకు ఎప్పుడు ఎక్కడ అమ్ముడైందో కూడా నమోదవుతుంది. బార్‌కోడ్ అసలు సత్తా ఈ రెండో పనిలో ఉంది.

దాన్ని కనిపెట్టినవాళ్ల ధ్యాస మాత్రం కౌంటరు దగ్గరి క్యూ మీదే. 1948లో ఒక కిరాణా సంస్థ అధిపతి ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విద్యాసంస్థ డీన్‌ను కలిసి, సరుకుల వివరాలు వాటంతటవే నమోదయ్యే మార్గం చూడమని అడిగాడు. డీన్ ఒప్పుకోలేదు. ఆ మాటలు చెవిన పడ్డ అక్కడి విద్యార్థి బెర్నార్డ్ సిల్వర్, మిత్రుడు జోసెఫ్ వుడ్‌లాండ్‌కు చెప్పాడు. మయామీ బీచ్ ఇసుకలో వుడ్‌లాండ్ మోర్స్ కోడ్ చుక్కలూ గీతలూ పెట్టి, వాటిని వేళ్లతో కిందికి లాగాడు. సన్నగీతలు, లావుగీతలు వచ్చాయి. 1952లో పేటెంట్ దక్కింది. కానీ ఆ గీతల్ని చదవాలంటే 500 వాట్ల బల్బు కావాలి, దాని వేడికి కాగితం పొగలు కక్కేది. లేజరూ చవక కంప్యూటరూ ఇంకా రాలేదు. మిత్రులిద్దరూ పేటెంట్‌ను 15,000 డాలర్లకు అమ్మేసుకున్నారు. తన గీతలు దుకాణంలో పనిచేయడం చూడకుండానే 1963లో సిల్వర్ కన్నుమూశాడు.

ఐబీఎం ఇంజనీరు జార్జ్ లారర్ తీర్చిదిద్దిన నిలువుగీతల కోడ్‌ను అమెరికా కిరాణా రంగం 1973లో ఆమోదించింది. మరుసటి ఏడాది జూన్ 26న ఒహాయోలోని ట్రాయ్ పట్టణంలో 67 సెంట్ల చూయింగ్ గమ్ ప్యాకెట్ తొలిసారి స్కానర్ ముందుకొచ్చింది.

ఆ తర్వాత కథ నత్తనడక నడిచింది. సరుకుల మీద గీతలే లేకపోతే స్కానర్ దేనికని దుకాణాలు, స్కానర్లే లేకపోతే గీతలు దేనికని కంపెనీలు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు! ఇద్దరూ డబ్బు పెడితే తప్ప ఎవరికీ లాభం లేని పెట్టుబడి ఇది. 1980లలో పెద్ద దుకాణాలు ముందుకొచ్చాకే ఊపందుకుంది.

వాటిలో వాల్‌మార్ట్ ఒకటి. 1987 నాటికి సొంత ఉపగ్రహ వ్యవస్థతో తన దుకాణాలను కలిపేసింది. ఆ రోజుల్లోనే దాని వ్యవస్థాపకుడు శామ్ వాల్టన్, తయారీ సంస్థ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అధికారి లూ ప్రిచెట్ కలిసి పడవ షికారుకు వెళ్లారు. అప్పటిదాకా రెండు కంపెనీల మధ్య ఉన్నది ధర దగ్గర బేరమే. ఆ తర్వాత ఉమ్మడి బృందాలు ఏర్పడ్డాయి. వాల్‌మార్ట్ అమ్మకాల లెక్కలు చూసి పాంపర్స్ డైపర్లు ఎన్ని పంపాలో తయారీదారే నిర్ణయించసాగాడు. 1991లో వచ్చిన రిటైల్ లింక్ అనే వాల్‌మార్ట్ కంప్యూటర్ వ్యవస్థ ఈ సౌకర్యాన్ని మరెందరో సరఫరాదారులకు అందించింది.

ఇందులో తయారీదారుకు ఏం ఒరిగింది? పసిపిల్లలు వాడే డైపర్ల సంఖ్య వారం వారం పెద్దగా మారదు. అయినా ఫ్యాక్టరీకి వచ్చే ఆర్డర్లు ఒక్కసారిగా ఎగసి, అంతలోనే పడిపోయేవి. దుకాణం ముందుజాగ్రత్తగా కాస్త ఎక్కువ అడుగుతుంది, గిడ్డంగి దానికి మరికాస్త కలుపుతుంది. ఫ్యాక్టరీ దాకా వచ్చేసరికి చిన్న అల ఉప్పెనవుతుంది. పరిశోధకుడు హౌ లీ బృందం 1997లో విశ్లేషించిన ‘బుల్‌విప్’ ప్రభావం ఇదే. కౌంటరు దగ్గరి అసలు అమ్మకం నేరుగా కనబడితే ఫ్యాక్టరీ ఇలా బెదిరిపోదు.

నా దృష్టిలో ఇక్కడ కష్టమైన పని కంప్యూటరు కొనడం కాదు, లెక్కల పుస్తకం ఎదుటివాడి ముందు తెరవడం. పైగా ఆ పుస్తకం చేతిలో ఉన్నవాడిదే పైచేయి. ఉదాహరణకు, 2003లో వాల్‌మార్ట్ సరుకు పెట్టెలకు దూరం నుంచే చదవగల రేడియో ట్యాగులు అతికించమని తన 100 అగ్రశ్రేణి సరఫరాదారులను ఆదేశించి, 2005 జనవరిని గడువుగా పెట్టింది. అక్కడా సాంకేతికత కొత్తదే, కంపెనీ మాత్రం అదే. కానీ ట్యాగు ఖర్చు సరఫరాదారుది, లాభంలో పెద్దవాటా దుకాణానిది. ఆ పథకం అనుకున్నట్టు సాగలేదు.