పదే పదే పడిపోయే బ్రేకరు

మా ఇంటికి విద్యుత్ కారు వచ్చిన మొదటి వారం రోజూ రాత్రి ఒకటే తంతు. ఛార్జింగుకు పెట్టి భోజనానికి కూర్చుంటాను. ముప్పావు గంటకు మెట్ల కింద బోర్డులో టప్‌మని చప్పుడు. బ్రేకరు పడిపోయేది. ఎత్తితే మరో అరగంట. "కారు కొన్నారా, కాపలా ఉద్యోగం కొన్నారా?" అని మా ఆవిడ ఎత్తిపొడుపు.

బెంగుళూరులో మా వీధి ఎలక్ట్రీషియను వచ్చి చూశాడు. "పదహారు ఆంపియర్లది సార్. ముప్ఫై రెండుది వేసేద్దాం, ఇక పడదు" అన్నాడు. పడదు, నిజమే. కాని గోడలోని తీగ పాతదే కదా! ఆ గోడకు ఆవలివైపే మా అమ్మ మంచం. తాకట్టు పెంచకుండా ఓవర్‌డ్రాఫ్టు పరిమితి రెట్టింపు చేయమంటే ఏ మేనేజరు సంతకం పెడతాడు? బ్రేకరు ఉన్నది కారు కోసం కాదు, తీగ కోసం. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో రాత్రంతా 32 ఆంపియర్లు పారితే బ్రేకరు ఊరుకుంటుంది. తీగ తొడుగు కరుగుతుంది.

లెక్క వేసి చూశాను. 3.3 కిలోవాట్ల ఛార్జరు 230 వోల్టుల దగ్గర సుమారు 14 ఆంపియర్లు లాగుతుంది. మిక్సీ రెండు నిమిషాలు, గీజరు పావుగంట. కారు మాత్రం గంటల తరబడి. బ్రేకరులో వేడికి వంగే జంట లోహాల పట్టీ ఉంటుంది. వేడి నెమ్మదిగా చేరి అది వంగితే మీట వదిలేస్తుంది. అందుకే ఎంతసేపటికి పడుతోందన్నది ముఖ్యం. పెట్టిన క్షణమే పడితే షార్టు సర్క్యూట్ అనుమానించాలి. పడింది ఆర్.సి.సి.బి. అయితే కరెంటు ఎర్తులోకి కారుతోందన్న మాట. తడిసిన ప్లగ్గో, దెబ్బతిన్న కేబులో కావచ్చు. ఇళ్ళలో సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. అది మన ప్రాణానికి కాపలా, విసుగొచ్చి తీసేయించకండి.

మాది ముప్పావు గంట వ్యవహారం కనుక వేడినే పట్టుకున్నాం. మెయిన్ ఆపించి బోర్డు విప్పిస్తే బ్రేకరు కింద మర వదులు. తీగ చివర మాడి గోధుమరంగుకు తిరిగింది. పైగా ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారూ ఆ లైను మీదే! సరిగ్గా మా భోజనాల వేళకే అది వేస్తాం.

కారుకు మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగించాం. 20 ఆంపియర్ల బ్రేకరు, కొత్త సాకెట్టు, 'ఎ' రకం ఆర్.సి.సి.బి. పెట్టించాం. కారులో ఏసీని డీసీగా మార్చే యంత్రం ఉంటుంది. పాత 'ఏసీ' రకం అక్కడి లీకేజీని సరిగా పసిగట్టకపోవచ్చు. ఎర్తింగు పరీక్ష చేయించి, మంజూరైన లోడు పెంచమని దరఖాస్తు కూడా పెట్టాను.

ఆ 32 ఆంపియర్ల బ్రేకరును కుర్రవాడు మళ్ళీ సంచిలోనే వేసుకుని వెళ్ళాడు.